చేపనూనె పూసిన సైకిలు

మొన్న మా అమ్మాయి ఇంట్లోకి ఒక సైకిలు తెచ్చి పెట్టింది, గంటసేపు తొక్కినా గుమ్మం దాటదది. ఈ వయసులో రోడ్డెక్కితే ఊరుకోనని దాని పట్టు. అదెంత చెప్పినా, పెళ్ళయినాక మా ఆయన కొనిచ్చినదీ, అమ్మాయి కాలేజీ అయిపోయి వదిలేసినదీ, రిటైరయినాక పాలకూ కూరలకూ కొనుక్కున్న బుట్ట సైకిలూ అన్నీ నా కాళ్ళకిందే అరిగిపోయినాయి. కానీ సైకిలంటే నాకు గుర్తొచ్చేది మొదటిదే.

అరవైల మొదట్లో తోటపల్లి గూడూరు పక్కన, సముద్రపొడ్డునున్న జాలర్ల పాళెంలో నాకు టీచరుద్యోగం వచ్చింది. మా ఊరినుంచి అక్కడికి బస్సు లేదు. కాలవ కట్ట మీద ఎంత వడిగా నడిచినా బడి గంట కొట్టినాకే చేరేదాన్ని. ఇన్స్పెక్టరు వచ్చే రోజు కూడా ఆలస్యమైతే ఉద్యోగం ఊడుతుందని హెడ్మాస్టరుగారు ముందే చెప్పేసినారు. అది ఊడితే నన్ను ఎవరికో ఒకరికి కట్టబెట్టేయాలని మా పెదనాన్న కాచుకుని కూర్చున్నాడు. మా నాన్న ఎవరితోనూ వాదించకుండా నెల్లూరు పోయి, ఒక నర్సమ్మ వాడి వదిలేసిన లేడీస్ సైకిలు తెచ్చి, ఆదివారం ఆరాధన అయినాక చర్చి ఆవరణలో నాకు నేర్పినాడు. ఆడపిల్ల సైకిలెక్కడమా అని పెదనాన్న అలిగి కొన్నాళ్ళు మా గడప తొక్కలేదు. మాకూ ప్రాణం హాయిగానే ఉండింది.

ఉప్పుగాలికి చైను తుప్పుపట్టి కీచుమంటుంటే, నా దగ్గర చదివే ఒక పిల్ల తండ్రి జాలిపడి, పడవకు పూసే చేపనూనె తెచ్చి సైకిలంతా దట్టంగా పట్టించినాడు. ఉప్పుకు వాళ్ళెరిగిన మందు అదే. సరిగ్గా మర్నాడే ఇన్స్పెక్టరుగారి రాక. పొద్దున్నే బయల్దేరితే ఆ వాసనకు దారిలోని కుక్కలన్నీ నా వెంటపడినాయి. తప్పించుకోబోయి ఇసకలోకి దిగినాను, జిడ్డుకు ఇసకంతా అంటుకుని చైను బిగుసుకుపోయింది. నడిస్తే వేళకు అందుకోలేను. ఉద్యోగం పోయింది, పెదనాన్న గెలిచినాడు అనుకుని కట్ట మీద కూలబడి భోరున ఏడ్చినాను.

అప్పుడే చేపలమ్ముకోను వస్తూ పాళెం ఆడవాళ్ళు ఎదురైనారు. సంగతి విని పకపకా నవ్వి, తట్టలు కట్ట మీద దించి, ఒకామె చైను పీకి పారేసింది. "ఎక్కు టీచరమ్మా, మేము నెట్టుకొస్తాంలే, హ్యాండిలు మాత్రం గట్టిగా పట్టుకో" అన్నది ఆ పిల్ల తల్లి. ఎండెక్కితే చేపలు చెడతాయే అని నేను మొత్తుకుంటే వింటేనా! ఒకామెను తట్టలకు కాపలా పెట్టి, కొంగులు బిగించి, ఒకరు అలిసిపోతే ఒకరు సీటు పట్టుకుని పరిగెత్తినారు. బడి గంట మోగుతుండగా వాకిట్లో దిగినాను. ఇన్స్పెక్టరుగారు ఆ ఊరేగింపు చూసి, కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఉద్యోగం నిలిచింది. పెళ్ళి తర్వాతెప్పుడో, నా ఇష్టప్రకారమే అయింది.

ఇప్పుడా కట్ట మీద తారురోడ్డు, రెండు పక్కలా రొయ్యల గుంటలు. పాళెం ఆడవాళ్ళు ఆటోల్లో పోతున్నారు, వాళ్ళ నెత్తిన బరువు తగ్గింది, నాకు సంతోషమే. అంత నున్నటి దారిలో ఎవరూ ఎవరికోసమూ ఆగాల్సిన పని లేదు. ఆ పొద్దు నేను సైకిలు దిగి వెనక్కి తిరిగేసరికే వాళ్ళు తట్టల కోసం ఎండలో కట్టవెంట పరిగెత్తిపోతున్నారు. ఆ చేపలు అమ్ముడుపోయినాయో, పారబోసుకున్నారో నాకు తెలియదు. అడుగుదామంటే ఇప్పుడు వాళ్ళలో ఒక్కరూ లేరు.