రెండో గంట

మా మేనత్త పోయిన నెల సత్తుపల్లిలో చనిపోయింది. కబురు నాకు సెల్‌ఫోన్‌లో వచ్చింది. ఆ వస్తువంటే ఆవిడకు గిట్టేది కాదు. "మోగేదాంట్ల ఒక గంటన్న ఉండాలె గద, అల్లుడా" అనేది.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత, వేలుపెట్టి తిప్పే పాత ఫోన్లు పోగుచేయడం మొదలుపెట్టింది. పాత ఇనుప సామాన్ల కొట్లో అవి కలగాపులగంగా దొరికేవి, ఒకదానికి ఇంకోదాని డయలు బిగించి. అత్త డయలు తిప్పి వదిలి, వెనక్కి తిరిగే గరగర వినేది. "ఇది దీనిది కాదు" అని విప్పేసేది. అన్నానికి పిలిస్తే మాత్రం ఆ చెవులు పనిచేసేవి కావు.

ఆవిడ అసలు బెంగ ఇంట్లోని నల్ల ఫోను. బొగ్గు గనిలో పనిచేసిన మామయ్య, డ్యూటీ దిగగానే రోజూ దానికే ఫోన్ చేసేవాడు. అలాంటి ఫోను లోపల రెండు చిన్న గంటలుంటాయి, ఒకటి సన్నగా, ఒకటి కాస్త బరువుగా మోగుతాయి. మామయ్య పోయాక ఇల్లు మారినప్పుడు అందులో ఒకటి ఎక్కడో పడిపోయింది. ఆ రెండూ కలిసి మోగితే మళ్ళీ ఒక్కసారి వినాలని అత్త ఆశ. ప్రతి కొట్టులోనూ చెంచాతో గంటలు కొట్టి చూసేది.

చివరికి అది, నేను తోడు వెళ్ళిన చండ్రుగొండ సంతలో, ఒక మేక మెడలో వినబడింది. అంచున, పోయిన గంటకున్న సొట్ట కూడా ఉంది. మేక ఒక అడవి పల్లె ముసలమ్మది.

"అక్కా, ఇది మా ఫోన్‌ది. బదులు మంచి ఇత్తడి గంట కొనిస్త."

"ఇంకోటి నాకెందుకు చెల్లె? అడివిల ఈ సప్పుడు పట్టుకునే నా మేకను ఎతుక్కుంట."

నాకు ఒళ్ళు మండింది. మన వస్తువు మనం అడగడానికి మొహమాటమేమిటన్నాను. "మనది మోగకపోతే ఏమైతది, అల్లుడా? ఆమెది మోగకపోతే మేక పోతది" అంది అత్త. గంటను మేక మెడలోనే వదిలి బస్సెక్కింది.

పెద్దకర్మ నాడు నల్ల ఫోనును ఫొటో పక్కన పెడదామని తీసి తుడుస్తుంటే, లోపల ఉండాల్సిన ఆ ఒక్క గంట కూడా లేదు. వచ్చిన చుట్టాలందర్నీ మనసులో అనుమానించాను. మధ్యాహ్నానికి ముసలమ్మ వచ్చింది. సంతలో ఎవరో చెప్పారట.

"మేక ఈనింది బిడ్డా. మీ అత్తనే వచ్చి పిల్ల మెడల రెండో గంట కట్టింది. 'ఇవి రెండూ ఒక్క ఫోన్‌వి, ఇడదియ్యకు' అన్నది."

అంతవరకూ రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది. ముసలమ్మ నా వీపు నిమురుతూ మళ్ళీ అందుకుంది.

"ఆ దినం ఇంటికి పొమ్మంటే పోలే. మా అరుగు మీదనే కూసున్నది. పొద్దుగూకంగ తల్లీపిల్లా మోగుకుంట అడివిలకెల్లి వస్తుంటే, దిగ్గున లేసి కొంగు సర్దుకున్నది. 'ఆఁ, వస్తున్న, వస్తున్న' అన్నది. ఎవరితోని అన్నదో నాకైతే తెల్వదు."