దిగిపో బావా

దెయ్యాల కథలంటే నాకు నవ్వొచ్చేది. విమానంలో వినపడే ప్రతి శబ్దానికీ ఏదో ఒక వైరో, వాల్వో కారణమని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ అలాగే నమ్మాలని ఉంది.

మాది గాజువాక. నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. పక్కింటి రమణా నేనూ కలిసి చదివాం, కలిసి పైలట్లమయ్యాం. చిన్న విమానాలు అద్దెకు తిప్పే ఒక కంపెనీలో ఇద్దరం చేరాం. వాడు నన్ను బావా అనే పిలిచేవాడు. ముందు వాడే కెప్టెన్ అయ్యాడు.

కొత్త కెప్టెన్‌కి కొన్నాళ్లు ఒక నిబంధన ఉంటుంది. పరికరాలు చూసుకుంటూ మబ్బులోంచి దిగేటప్పుడు, పాత కెప్టెన్ల కంటే ఎక్కువ ఎత్తులోనే అతనికి రన్‌వే కనబడాలి. కనబడకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే.

మా ఆపరేషన్స్ మేనేజర్‌కి ఆ నిబంధనంటే చిరాకు. ఓసారి వానలో రమణ దిగకుండా వెనక్కి వచ్చేస్తే అందరి ముందూ, "నీకెందుకయ్యా కెప్టెన్ చారలు? విప్పి ఇంట్లో పెట్టు" అన్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే, వేరే ఊళ్లో, రమణ ఆ ఎత్తు దాటి కిందికి వచ్చేశాడు. మబ్బు వెనక కొండ ఉంది.

తాను ఏనాడూ ఒత్తిడి పెట్టలేదని, తప్పంతా పైలట్‌దేనని మేనేజర్ విచారణలో చెప్పాడు. దండ పట్టుకుని గాజువాక వస్తే రమణ భార్య గౌరి గుమ్మంలోనే ఆపేసింది.

"మావోడు నిన్నొగ్గడు. సూత్తా ఉండు" అంది. వదిలిపెట్టడని శపించినట్టే అంది. ఏడవలేదు.

మరుసటి ఏడాది నేను కెప్టెన్‌నయ్యాను. అక్టోబరులో ఓ ఉదయం హైదరాబాద్ నుంచి విశాఖ వస్తున్నాం. వెనక ఆ మేనేజర్ ఒక్కడే. కో-పైలట్ పుణె అమ్మాయి, తెలుగు రాదు. విశాఖలో వాయుగుండం వాన. ఎక్కేముందు అతను నా భుజం తట్టి, "రమణలా తొందరపడకు" అన్నాడు. నవ్వుతూ. ఆ నవ్వుకి నా ఒళ్లు మండిపోయింది.

మబ్బులోంచి దిగుతున్నాం. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. నేను దాటకూడని ఎత్తు వచ్చేసింది. రన్‌వే లేదు. అప్పుడు హెడ్‌సెట్‌లో రమణ గొంతు వినిపించింది.

"కనబడతంది బావా. దిగిపో. దించీ."

అందులో కంగారు లేదు. చిన్నప్పుడు ఎవరైనా తనని కొడితే, తిరిగి కొట్టడానికి వెళ్లేటప్పటి గొంతు అది. పైకి లేపాల్సిన నా చెయ్యి కదల్లేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకూ దించేయాలనే అనిపించింది. అతను వెనక ఉన్నాడు. ఇంకేమీ గుర్తు రాలేదు.

"గో అరౌండ్!" అని కో-పైలట్ అరిచింది. ఉలిక్కిపడి పవర్ పెంచి ముక్కు పైకెత్తాను.

"ఆణ్ణి ఒగ్గీసావేటి బావా" అన్నాడు రమణ.

భువనేశ్వర్‌లో దిగాం. కో-పైలట్‌కి ఏమీ వినపడలేదట. అలసట అనుకుని సరిపెట్టుకునేవాణ్ణే. కానీ వెనక మేనేజర్ బెల్టు కూడా తీయకుండా, చెమటతో తడిసిపోయి కూర్చున్నాడు. అతనికి హెడ్‌సెట్ లేదు. మధ్య తలుపు వేసే ఉంది.

"దించీ, దించీ అని నా చెవిలో అన్నదెవరయ్యా?" అన్నాడు.

"రమణ" అన్నాను. అతని మొహం చూశాను. ఆ భయం చూడటానికి నాకు బాగానే ఉంది.

కొద్ది రోజులకే అతను ఉద్యోగం మానేశాడు. విమానం ఎక్కడం లేదని విన్నాను.

చాలా రోజులు ఆలోచించి ఇదంతా గౌరికి చెప్పాను. కాస్త ఊరటగా ఉంటుందనుకున్నాను. టీ గ్లాసు నా ముందు పెట్టి మొత్తం విన్నది.

"మరెందుకు పైకి లేపీసావు అన్నియ్యా?" అంది.

నేనూ, ఆ కో-పైలట్ అమ్మాయీ కూడా అందులో ఉన్నామని చెప్పబోయి ఆగిపోయాను. ఆ సంగతి రమణకి మాత్రం తెలియదా?

మూసిన తలుపు అవతల ఉన్న మనిషికి ఆ మాట ఎలా వినబడిందో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు. బావా అని పిలుస్తూనే నన్ను కూడా తీసుకుపోవాలని చూసింది నా రమణేనా అన్నదీ అర్థం కాలేదు.