మబ్బులో పెట్టిన ముదీరు పాట

ఆ రోజుల్లో సౌదీలోని ఉనైజాలో మేము అనుమానం లేకుండా నమ్మింది ఒక్క సూర్యుణ్ణే. మిగతా ఎవరినీ, దేన్నీ నమ్మేవాళ్లం కాదు. నితాఖత్ అని కొత్త నియమం వచ్చి, స్థానికులకు చాలినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీలన్నిటికీ ఎరుపు రంగు పూస్తున్న కాలం అది. మా కంపెనీ కూడా ఎరుపులో పడింది. ఎరుపులో పడితే మా అకామాలు, అంటే మేము ఆ దేశంలో ఉండొచ్చని చెప్పే కార్డులు, గడువు తీరాక మళ్లీ రావు. అందుకని క్యాంపులో ఎవడు ఫోన్ మాట్లాడినా ఎవరితోనో, ఎవడు నవ్వినా ఎందుకో అని పక్కవాడు చెవి నిక్కించేవాడు. నేనప్పుడు జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన ఏసీ మెకానిక్‌ని. నన్ను తీసుకొచ్చింది మా అక్క మొగుడు. మేస్త్రీ పని చేసే మా బావ ఈ అనుమానాల విద్యలో ఆ క్యాంపుకే పెద్ద. (పాల ప్యాకెట్ మీద ఆవు బొమ్మ నవ్వుతోందని రెండు రోజులు చాయ్ తాగని మనిషి.)

నా ఆస్తి అంతా అప్పుడు ఒక మెమరీ కార్డు. అందులో పాత సినిమా పాటలు, బతుకమ్మ పాటలు, అన్నిటికంటే ముఖ్యంగా మా నాన్న భజన బృందం పాటలు. నాన్న పోయాక ఆయన గొంతు మిగిలింది ఆ కార్డులోనే. ఎడారి వేడికి ఆ కార్డు జబ్బు చేసినట్టు అప్పుడప్పుడూ పాట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మా గదిలోనే ఉండే కాకినాడ ఆయన, ఆఫీసులో హాజరు చూసేవాడు, మేమంతా కంప్యూటర్ అని పిలిచేవాళ్లం, నా బాధ చూసి సలహా ఇచ్చాడు.

"అవన్నీ ఆన్‌లైన్లో పెట్టేసుకో తమ్ముడూ. కార్డు పోయినా, ఫోన్ పోయినా పాటలెక్కడికీ పోవు. ఎక్కడ నుంచైనా వినుకోవచ్చు."

"ఆన్‌లైన్ల అంటే ఏడ?" అన్నాడు బావ, గోడకు ఆనుకున్నవాడు లేచి కూర్చుని.

"క్లౌడ్ అంటారండీ బావగారూ. అంటే మబ్బు."

"మబ్బుల పెడ్తవా? ఈ దేశంల మబ్బు చూసినవా నువ్వు ఎన్నడన్న? పైస తీస్కోకుంట మన పాటలు దాస్తడా వాడు? మన పాటలు వానికెందుకు?"

చివరకు నాన్న గొంతు పోతుందన్న భయం బావ అనుమానాన్ని గెలిచింది. అయితే ఒక షరతు పెట్టాడు. పాస్‌వర్డ్ తనే కొడతాడు. కంప్యూటర్‌ని గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. నన్ను కూడా తిరగమన్నాడు. "నువ్వు నిద్రల మాట్లాడ్తవు బామ్మర్ది, నీకు చెప్పరాదు." కార్డులోని పాటలన్నీ మబ్బులోకి ఎక్కాయి. వారం తిరిగేసరికి ఆ పాస్‌వర్డ్ మా బావ కూడా మర్చిపోయాడు. ("గంత మంచిగ దాచిన" అని దానికీ గర్వపడ్డాడు.) అదృష్టం కొద్దీ నేను కొత్త ఫోన్ కొని, అందులోనూ ఆ ఖాతా తెరిపించుకున్నాకే ఆయన మర్చిపోయాడు. పాత ఫోన్‌ని ముదీరుగారి ఇంటి బండి నడిపే పెషావర్ చాచా కొనుక్కున్నాడు.

ముదీరు అంటే మా మేనేజరు. మనిషి కంటే పొట్ట ముందొస్తుంది. ఏది అడిగినా "బుక్రా", అంటే రేపు, అంటాడు. అకామా? బుక్రా. సెలవు? బుక్రా. పాటలు మబ్బులో పెట్టకముందే ఒక శుక్రవారం వంట చేస్తూ నేనూ బావా ఆయన మీద పాట కట్టి, చెంచాతో గిన్నె వాయిస్తూ ఫోన్లో రికార్డు చేశాం.

"ముదీరొచ్చె ముదీరొచ్చె, బొజ్జ ముందు నడిచొచ్చె,
బొజ్జ పోయి కూసున్నంక ముదీరెనుక నడిచొచ్చె,
అడిగినోళ్ల కందరికీ బుక్రా బుక్రా పంచవట్టె!"

వరస కూడా మాదే. ఎక్కడా ఎత్తుకొచ్చింది కాదు. కార్డులో ఉన్నవన్నీ మబ్బులోకి ఎక్కించినప్పుడు, నాన్న భజనల వెనకే ఇది కూడా ఎక్కిపోయిందని నాకు తోచనే లేదు.

తోచింది ఒక మధ్యాహ్నం. భోజనాల వేళ ఫోన్ తెరిస్తే 'ఇటీవల విన్నవి' అని ఒక వరుస కనిపించింది. పొద్దుటి నుంచీ నేను మిద్దె మీద ఏసీ విప్పుతున్నాను, ఒక్క పాటా వినలేదు. అక్కడేమో నాన్న భజన ఉంది. దాని కింద ముదీరు పాట. దాని కింద మళ్లీ ముదీరు పాట. తింటున్న చేత్తోనే ఫోన్ బావ ముందు పెట్టాను.

"నేను చెప్పలే?" అన్నాడు బావ. మొహంలో భయం కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది. "ఎవడో ఇంటున్నడు!"

ఎవరు? మొదటి అనుమానం కంప్యూటర్ మీద. బావ అతనికి చాయ్ పోసి, పోలీసులా ఎదురుగా కూర్చున్నాడు. "నిజం చెప్పు కంప్యూటరూ, మా పాటలు నువ్వు ఇంటున్నవా?"

"మీరు గిన్నెల మీద వాయించినప్పుడే పక్కన కూర్చుని విన్నానండి బాబూ. మళ్లీ మబ్బులోంచి దించుకుని వినే ఖర్మ నాకెందుకండీ?" అని కాకినాడ ఆయన నొచ్చుకున్నాడు. పాట తీసేద్దామంటే బావ వద్దన్నాడు. "తుడిచేస్తే దొరికిపోతం. తప్పు చేసినోడే తుడుస్తడు." ఆ రోజు నుంచి గదిలో మాట్లాడుకోవాలంటే ముందు ఫోన్లన్నీ బియ్యం డ్రమ్ములో వేసి మూత పెట్టేవాళ్లం. అలా ఒకసారి మా అక్క ఊరి నుంచి చేస్తే డ్రమ్ములో ఫోన్ మోగింది;, "ఎత్తకు, ఎవరో" అన్నాడు బావ.

తర్వాతి వారం ముదీరు సైటుకొచ్చాడు. నేను నిచ్చెన మీద ఉన్నాను. ఆయన కింద నిలబడి, కాగితాలు తిరగేస్తూ, ముక్కుతో కూనిరాగం తీస్తున్నాడు. చెవి పెట్టి విన్నాను. అది మా వరసే! బొజ్జ దగ్గర సాగదీయడం కూడా మేం సాగదీసినట్టే. స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి జారి ఆయన కాళ్ల ముందు పడింది. ఆయన తలెత్తి చూసి, "బుక్రా నువ్వు మా ఇంటికి రా. ఒక్కడివే" అన్నాడు.

క్యాంపులో ఆ సాయంత్రం నా పెట్టె సర్దింది బావే. "ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తరు. ఏడ సంతకం పెట్టమన్నా పెట్టకు. గొంతు నీది కాదను." "మరెవరిదంటా?" అన్నాను. బావ పెట్టెకు తాళం వేస్తూ, "కంప్యూటర్ది అను" అన్నాడు.

ముదీరుగారింట్లో నన్ను నేరుగా వంటింట్లోకి తీసుకెళ్లి, గోడ మీది ఏసీ చూపించి, చల్లగా రావడం లేదని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఇంకా నమ్మకం కుదరక నేను ఏసీ వెనక ఎవరైనా దాక్కున్నారేమో అన్నట్టు వంగి చూస్తుంటే, వెనక నుంచి భజన తాళాల చప్పుడు, ఆపైన మా నాన్న గొంతు వినిపించింది. నాన్నే! శ్రుతి పట్టుకునే ముందు దగ్గే ఆ దగ్గుతో సహా. తిరిగి చూస్తే పొయ్యి దగ్గర బురఖా లాంటి నల్లటి అబాయా వేసుకున్న వంటామె, అన్నం కలుపుతూ, భజనతో పాటు పెదవులు కదుపుతోంది. గట్టు మీద, మూల పగిలిన నా పాత ఫోన్.

"అమ్మా, ఆ ఫోను..." అన్నాను, తెలియకుండానే తెలుగులో.

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "తెలుగోడివా నాయనా? యా వూరు? మాది రాయచోటి పక్క. ఈ ఫోను డ్రైవర్ తాతతో కొన్న్యా. దీన్లో పాటలుండాయి చూడు, అవి లేకపోతే ఈ ఇంట్లో నాకు పిచ్చెక్కిపోయుండేది. తెలుగు మాట చెవిన పడి యాడాదైంది."

ఫోన్ ఇచ్చేటప్పుడు నా ఖాతా మూసివ్వలేదని అప్పుడు అర్థమైంది. పాటలు నావని, పాడేది మా నాన్న అని చెప్పాను. ఆమె నోటికి కొంగులా అబాయా అంచు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయితే ముదీరు పాట నువ్వేనా? ఎంత పని జేసినావబ్బా! అది పెడితేనే ఈ ఇంటి చిన్నబిడ్డ అన్నం తింటాది. బిడ్డ పాడుతా వుంటే వాళ్ల నాయనకీ వచ్చేసింది!"

సరిగ్గా అప్పుడే ఆ నాయన గుమ్మంలోకి వచ్చాడు. మమ్మల్నీ, ఫోన్‌నీ మార్చి మార్చి చూసి, "నువ్వూ హిందీవేగా, ఇండియావాడివేగా? మా పాప పాడే ఆ పాటకు అర్థమేమిటి? ఇందులో ముదీర్ అని వినిపిస్తుంది" అన్నాడు.

"దేవుడి పాట" అన్నాను నేను. "ఖర్జూరాల పాట" అంది ఆమె, అదే క్షణంలో.

ముదీరు కనుబొమలు పైకి లేచాయి. "దేవుడా, ఖర్జూరాలా?"

"ఖర్జూరాలిచ్చిన దేవుడు బాబా" అంది ఆ రాయచోటి అక్క, తొణకని మొహంతో. "ఆయనే పైనుండే పెద్ద ముదీరు. అందరికీ బుక్రా కూడా ఇస్తాడని."

ఆయన "మంచి పాట" అని తల ఊపి, పొట్ట తిప్పుకుని వెళ్లిపోయాడు. ఏసీ వడపోత జాలీకి దుమ్ము పట్టిందంతే. దాన్ని కడిగే లోపల ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "ఆ పాటలు తీసెయ్యాకు నాయనా."

తీయలేదు. అంతేకాదు, ఊరి నుంచి కొత్త పాట వచ్చినప్పుడల్లా అందులో చేర్చేవాణ్ణి. మళ్లీ ఆమెను చూసే అవకాశం రాలేదు. కానీ 'ఇటీవల విన్నవి' చూస్తే ఆమెకు ఏ పాట నచ్చిందో, ఏ రోజు దిగులుగా ఉందో తెలిసేది. బావ మాత్రం, "ఆమె ఎవరి మనిషో" అని డ్రమ్ము మూత తీయలేదు.

తర్వాత లెవీలు, అంటే బయటి దేశపు పనివాళ్ల మీద సర్కారు వేసే పన్నులు, పెరిగాయి. మనిషికింత కట్టాలంటే కంపెనీ కుదించుకుపోయింది. నేనూ బావా ఎగ్జిట్ మీద వచ్చేశాం. రాయచోటి అక్కని కూడా ఊరికి పంపించేశారని చాచా చెప్పాడు. ఇప్పుడు జగిత్యాలలో నాకో ఏసీ రిపేరు దుకాణం ఉంది. ఎవడో నా పాట వింటున్నాడని వణికిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. మొన్న ఒక ఇంట్లో నిచ్చెన మీద నిలబడి నాన్న భజన పెట్టుకోబోతే, ఈ పాట వేరే ఫోన్లో నడుస్తోంది, ఇక్కడికి మార్చమంటారా అని అడిగింది తెర. వద్దని నొక్కాను. నిచ్చెన మెట్టు మీదే కూర్చుని, రాయచోటి పక్కన ఎక్కడో ఆ పాట పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాత నేను పెట్టుకున్నాను.