కుక్క దారి తప్పిందని చెప్పాను

నాన్న పోయిన ఏడాదికి మా కంపెనీ నన్ను మూడు వారాల పని మీద నార్వే పంపింది. నాకప్పటికి నలభై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన కొన్నాళ్లకే పక్షవాతం వచ్చి నాలుగేళ్లు మంచంలో ఉన్నాడు. ఆ నాలుగేళ్లూ ఆఫీసు, ఇల్లు, ఆసుపత్రి తప్ప నేను చెన్నైలో మరో చోటు చూడలేదు. ఆయన ఒళ్లు తుడవడం, పక్కకి తిప్పడం, జావ తాగించడం అమ్మా నేనూ పంచుకున్నాం. ఆయన పోయాక కూడా ఆఫీసులో ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఎవరూ నన్ను పిలవని చోట ఒక్క రోజు ఉండాలని ఉండేది. ఆ మాట అమ్మతో ఎలా అంటాను?

అక్కడికి వెళ్లిన రెండో వారంలో, రైల్లో నాలుగు గంటల దూరంలో ఉన్న కొండల్లో కుక్కలు లాగే మంచు బండి నడపవచ్చని తెలిసింది. శనివారానికి నా ఒక్కదాని పేరే రాయించుకున్నాను. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"కుక్కలు బండి లాగేదేంది పాపా? మన వీధి కుక్కలు ఎండలో లేచి నిలబడేదానికే బద్ధకిస్తాయి," అంది అమ్మ. "జతకి ఎవురూ రారా?"

"ఎవురూ వద్దనే పోతా ఉండా."

అమ్మ "సరి. చెవులకి బాగా కట్టుకో. వీడియో తీసి పంపు, నేనూ చూస్తా," అంది.

కొండ మీద ఆ కుక్కల్ని పెంచే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మాటలు తక్కువ. రావలసిన మిగతావాళ్లు చలి ఎక్కువైందని మానుకున్నారట. ఆవిడ బండి ముందు, నా బండి వెనక, అంతే. నా బండికి నాలుగు కుక్కలు కట్టింది. ముందు ఒక ఆడ కుక్క, దాని వెనక ఒకటి, బండికి దగ్గరగా జంటగా రెండు. ఆ ముందు కుక్క మెడ నిమురుతూ, "ఇది తొమ్మిదేళ్లుగా ముందు నడుస్తోంది. దారి దీనికి తెలుసు. మీరు తోలక్కర్లేదు," అంది. కాళ్ల కింద ఉన్న ఇనుప బ్రేకు చూపించింది. పల్లంలో దాన్ని తొక్కి పట్టకపోతే బండి జారి వెనక కుక్కల మీద పడుతుందని చెప్పింది. నిలబడి పట్టుకునే కడ్డీ మీద నా రెండు చేతులూ తనే పెట్టి, "ఏం జరిగినా దీన్ని వదలకండి. పడినా వదలకండి. ఫోన్ లోపలి జేబులో పెట్టి జిప్పు వేసుకోండి," అంది.

తలూపాను.

మొదటి గంట గురించి ఎక్కువ చెప్పలేను. అరుస్తూ గింజుకుంటున్న కుక్కలు బండి కదలగానే ఒక్కసారిగా నోరు మూశాయి. వాటి ఊపిరి, బండి కింద మంచు రాసుకునే చప్పుడు తప్ప మరేమీ లేదు. ఐదేళ్ల తర్వాత నా ఒంట్లో ఒక బిగువు సడలింది. కళ్లలోంచి నీళ్లు కారి చెంపల మీదే గడ్డకట్టాయి.

ఒక గుట్ట ఎక్కాం. ఆవిడ బండి గుట్ట దిగి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. అప్పుడు అమ్మ వీడియో అడిగింది గుర్తొచ్చింది. పళ్లతో కుడిచేతి గ్లౌజు లాగి, జిప్పు తీసి, ఫోన్ బయటికి తీశాను. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకునే ఉన్నాను. తెర మీద కుక్కల వీపులు చూస్తూ నవ్వాను. పల్లం మొదలైంది. కాలు బ్రేకు మీద లేదు. బండి చిన్నగా ఎగిరింది. నా చెయ్యి వదిలేసింది.

వెల్లకిలా పడ్డాను. తల ఎత్తేసరికి బండి నన్ను వదిలి జారిపోతోంది. వెనక కుక్కల్లో ఒకటి తిరిగి చూసి పక్కకి దూకబోయింది. బండి దాని నడుము మీంచి వెళ్లింది. అది వేసిన కేక మనిషి కేకలా ఉంది. తాళ్లు మెలిపడి, మిగతా మూడూ బెదిరి, బండిని ఎడమకి లాక్కుపోయి ఒక రాతికి కొట్టించి ఆగాయి.

ఆవిడ ఆ కేక విని తన బండిని కట్టేసి మంచులో పరుగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికి నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. ఆ కుక్క, ఒక చెవి మడత పడి ఉండే బూడిదరంగు కుక్క, ముందు కాళ్లతో లేవబోతోంది. వెనక భాగం దానితో పాటు రావడం లేదు. ఆవిడ కత్తితో తాడు కోసి దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"ఏమైంది?" అని నన్ను అడిగింది.

"ముందు కుక్క దారి తప్పి ఎడమకి లాగింది. బండి రాయికి తగిలింది. నేను పడిపోయాను," అన్నాను.

ఆవిడ రాయి వైపు చూసింది. మంచులో ఎడమకి పోయిన జాడలు చూసింది. తర్వాత ముందు కుక్కను చాలాసేపు చూసింది. అది తోక ఊపుతూ నిలబడి ఉంది.

కింద ఊళ్లో పశువుల డాక్టరు దగ్గరికి చేర్చేదాకా ఆ కుక్క బతికే ఉంది. నడుం విరిగిందని, సూది వేసి నొప్పి లేకుండా పోనివ్వడమే మంచిదని డాక్టరు చెప్పాడు. ఆవిడ దాని తల పట్టుకుని వాళ్ల భాషలో ఏదో చెబుతూనే ఉంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. తర్వాత ఆవిడే గోరువెచ్చటి నీళ్లు తెప్పించి, గ్లౌజు లేక చలికి తెల్లబడిన నా కుడిచేతి వేళ్లు అందులో ముంచింది. "మీ తప్పు కాదు," అంది. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

పెరంబూరు తిరిగొచ్చాక ఆఫీసులో అందరూ వీడియో చూపించమని అడిగారు. చలికి ఫోన్ ఆగిపోయిందన్నాను. అమ్మతోనూ అదే అన్నాను. అమ్మ మళ్లీ అడగలేదు. ఇంటి దగ్గర వీధి కుక్కలు కాళ్లకి అడ్డం వస్తే పక్క వీధిలోంచి తిరిగి వచ్చేదాన్ని. అన్నం తగ్గింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ నా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. నాన్న ఫోటోలు చూద్దామని తీసిందట. అందులో నా నవ్వు వినబడుతోంది. తర్వాత ఆకాశం. తర్వాత కుక్క కేక.

"ఇది తీస్తా ఉండి పడినావా నువ్వు?"

అంతా చెప్పాను, కుక్క దారి తప్పిందని ఆడిన అబద్ధంతో సహా. అమ్మ ఫోన్ పక్కన పెట్టి, "నేను అడిగినాననేనా తీసింది?" అంది.

"నువ్వు అడిగితే మాత్రం, అప్పుడే తీయమన్నావా?"

"ఆయమ్మకి నిజం చెప్పు."

"ఇప్పుడు చెప్తే ఏం లాభం మా? కుక్క పోయె గదా."

"లాభం కోసరమా చెప్పమనేది?"

వారం రోజులు అమ్మ నాతో పనికి కావలసిన మాటలే మాట్లాడింది. ఏడో రోజు ఆ కుక్కల ఆవిడకు మెయిల్ రాశాను. వీడియో కూడా జతచేశాను. సాకులు రాసి కొట్టేసి, మళ్లీ రాసి కొట్టేసి, చివరికి జరిగింది జరిగినట్టు పది వాక్యాలు మిగిలాయి.

తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది. అమ్మకు తెలుగులో చెప్పుకుంటూ చదివాను.

"ముందు కుక్క దారి వదిలిందని మీరు చెప్పినప్పుడు నమ్మాను. దానికి వయసైపోయిందనుకున్నాను. ఆ రోజు నుంచి దాన్ని ముందు కట్టలేదు. వేరే కుక్కను పెట్టాను. రోజూ పొద్దున నేను తాళ్లు తీస్తే అది వచ్చి ముందు నిలబడేది. నేను వెనక్కి నెట్టేదాన్ని. రెండు వారాలకి రావడం మానేసింది. తిండి తగ్గించింది. ఇప్పుడు మంచు కరిగిపోతోంది, ఈ ఏటికి బండ్లు లేవు. మీరు ముందే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినందుకు కృతజ్ఞతలు. దయచేసి మళ్లీ ఇక్కడికి రావద్దు."

చచ్చిన కుక్క గురించి ఏడవడానికి సిద్ధపడి ఉన్నాను. బతికున్న దానికి కూడా నేనేదో చేశానని అప్పటిదాకా తోచలేదు. ఒక్క అబద్ధం, అదీ నోరు తెరిచి రెండు ముక్కలు. ఆ ముందు కుక్క మీద ఆవిడకున్న తొమ్మిదేళ్ల నమ్మకం పోయింది.

"ఆయమ్మ రావద్దనింది న్యాయమే," అంది అమ్మ. నా పక్కన వచ్చి కూర్చుంది గానీ నన్ను ఓదార్చలేదు.

మరుసటి చలికాలం ఆవిడకు ఒక్క వాక్యం రాశాను. ఆ ముందు కుక్క ఎలా ఉందని. నెల ఆగాను, రెండు నెలలు ఆగాను. జవాబు రాలేదు. ఇంకోసారి అడిగే హక్కు నాకు లేదనిపించి ఊరుకున్నాను.