అక్కకు అంటించాల్సిన ఫైబర్ తీగ

మా అక్క ఆదోనిలో పత్తి మిల్లుకు పనికి పోయేది. రొమ్ములో గడ్డ తగులుతోందని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు, మా బావకు కూడా. తీరా బయటపడేసరికి రొమ్ము తీసేయక తప్పలేదు. గాయం మానాక రేడియేషన్ పెట్టించాలన్నారు. కర్నూలు ఆసుపత్రిలో నేను పనిచేసేది ఆ విభాగంలోనే. అందుకని అక్క ఎమ్మిగనూరులో మా ఇంట్లో దిగింది. రోజూ పొద్దున్నే ఇద్దరం కలిసి బస్సెక్కాలని అనుకున్నాం.

నేను వైద్యం చేసేవాణ్ణి కాను. రోగికి రేడియేషన్ ఎంత తగులుతోందో కొలిచేవాణ్ణి. అప్పుడు మేం ఒక కొత్త పద్ధతిని పరీక్షిస్తున్నాం. సన్నని ప్లాస్టిక్ ఫైబర్ తీగ, దాని కొసన బియ్యపు గింజంత ముక్క. రేడియేషన్ తగిలితే ఆ ముక్క కంటికి ఆననంత మసకగా వెలుగుతుంది. ఆ వెలుగు ఫైబర్ లోపలి నుంచే సాగి, గోడ అవతల ఉన్న మా పరికరానికి చేరి అంకెగా మారుతుంది. చర్మం మీద సరైన చోట టేపుతో అంటిస్తే చాలు, డోసు ఎక్కువైనా తక్కువైనా అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

అక్కకు కూడా అది పెట్టాలని నాకు ఉబలాటం. నొప్పి ఉండదని చెబితే సరేనంది. అంటించేది నేనేనని ఆమెకు చెప్పాలని మాత్రం నాకు తోచలేదు.

మొదటిరోజు మా టెక్నీషియనమ్మ అక్కను బల్ల మీద పడుకోబెట్టి, పైనున్న దుప్పటి కిందికి జరిపింది. నేను తీగ పట్టుకుని లోపలికి వెళ్లాను. అక్క నన్ను చూసి రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుంది.

"నువ్వెందుకొచ్చినావు?"

"తీగ అంటించేది నేనే అక్కా."

"బయటికి పో నాయనా."

"ఇది ఆసుపత్రి. ఈడ సిగ్గేముంది? అందరికీ నేనే పెడతా."

"ఆడోళ్లకు గూడానా?"

"ఊ."

"వాళ్లేమీ అనరా?"

"ఇంతవరకు ఎవురూ అనలేదక్కా."

"యాడంటారు? బట్ట లేకుండా పండుకున్నోళ్లకు నోరెట్ల లేస్తాది?"

నా చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు పెరట్లో నిలబెట్టి నాకు నీళ్లు పోసిన మనిషి, నన్ను చూసి గోడవైపు ముఖం తిప్పుకుని పడుకుంది. తీగ టెక్నీషియనమ్మ చేతికిచ్చి బయటికి వచ్చాను.

అంతటితో అయిపోలేదు. ఆమె అంటించి వచ్చి యంత్రం నడిపితే, అంకె ఉండాల్సిన దానికంటే తక్కువ వచ్చింది. యంత్రం ఆపించాను. ఆమె మళ్లీ లోపలికి వెళ్లింది. చోటు సరిచేయించడానికి నేను మైకులో చెప్పాల్సి వచ్చింది.

"ఇంకొంచెం కిందికి. మచ్చకు ఎడం పక్కకు."

నా గొంతు ఆ గదంతా వినబడుతుంది. లోపలి కెమెరా వల్ల మా ముందున్న టీవీ తెర మీద బల్లా, బల్ల మీద మనిషీ కనబడతారు. లోపల రోగి ఒంటరిగా ఉన్నంతసేపూ ఎవరో ఒకరు ఆ తెరను చూస్తూ ఉండాలి. తీగ చోటు మార్చాక అంకె సరిగ్గా వచ్చింది. వేరే రోజైతే సంతోషించేవాణ్ణి. అక్క ఒంటి గురించి మైకులో ఇంకొకరికి చెప్పిన ఆ మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరుగు బస్సులో అక్క చాలాసేపు కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంది. కోడుమూరు దాటాక అడిగింది.

"లోపల నేను టీవీలో కనపడతానా?"

"కనపడతావక్కా. నేను తల పక్కకు తిప్పుకున్నా."

"నువ్వు తిప్పుకున్నావులే. మిగతావాళ్లు?"

అక్క కొంగు మెడ చుట్టూ లాక్కుంది.

మరుసటి పొద్దున ఎమ్మిగనూరు బస్టాండులో కర్నూలు బస్సు కదలబోతుంటే అక్క ఎక్కకుండా నిలబడిపోయింది.

"నేను రాను. ఆదోనికి పోతా."

"ఇప్పుడు మానుకుంటే రోగం మళ్లీ వస్తాదక్కా."

"వస్తే వస్తాది. సావంటే నాకు భయం లేదప్పా. ఈ సిగ్గుతోనే సచ్చిపోతాండా."

బస్సు కోసం నిలబడ్డవాళ్లు మావైపు చూస్తున్నారు. నేను గొంతు తగ్గించి చెప్పాను. "నిన్ను లోపలికి పిలిచేటప్పుడు నేను ఆ పక్కకే రాను. తీగ ఆ యమ్మే పెడుతుంది, తెర ఆ యమ్మే చూస్తుంది. నీ అంకెలు కూడా నేను చూడను."

"ఒట్టా?"

"ఒట్టక్కా."

ఆ బస్సు వెళ్లిపోయింది. అక్క తర్వాతి బస్సు ఎక్కింది.

వైద్యం ముగిసేదాకా రోజూ, అక్క లోపల ఉన్నంతసేపూ నేను ఆసుపత్రి గేటు దగ్గర టీ బంకులో కూర్చున్నాను. టెక్నీషియనమ్మ తీగ పెట్టడం త్వరగానే నేర్చుకుంది. పలుచని నూలు గుడ్డకు తీగ పెట్టే చోట చిన్న సందు కత్తిరించి, అక్కకు కప్పేది. అక్క ఆమెతో మాట్లాడటం, నవ్వడం కూడా మొదలుపెట్టింది. నాతో మాత్రం బస్సులో మిల్లు గురించీ వానల గురించే మాట్లాడేది.

ఆ గుడ్డ ఇప్పుడు ఆడవాళ్లందరికీ కప్పుతున్నాం. టెక్నీషియనమ్మ సెలవు పెట్టినరోజు, దుప్పటి తీయకముందే తలుపు దగ్గర నిలబడి నేను అడుగుతాను: "తీగ నేను పెట్టొచ్చామ్మా?" కొందరు సరేనంటారు. చాలామంది మాట్లాడకుండా తల అడ్డంగా ఊపుతారు. అలాంటప్పుడు తీగ చుట్టుకుని వచ్చేస్తాను. అంతకుముందూ అడిగి ఉంటే ఎంతమంది అలా ఊపేవాళ్లో!

అక్క కోలుకుంది. మొన్న ఆదోని వెళితే అన్నం పెట్టింది, బావను తిట్టింది, నా చొక్కా మాసిందని గొణిగింది. వడ్డించినంతసేపూ నా ముఖంలోకి చూడలేదు. నేనూ కంచంలోంచి తల ఎత్తలేదు.