నర్సమ్మ కట్టిన కట్టు

ఆ రోజుల్లో భయపడడానికి మాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. రైలు కూత వేస్తే భయం, తంతి వచ్చిందంటే భయం, అత్తగారు దగ్గితే భయం. ఈ విద్యలో మా వీధి మొత్తానికి నేనే మొదటిదాన్ని. పదహారేళ్ళ వయసులో మాడుగుల నుంచి అనకాపల్లికి కాపరానికి వచ్చేను. మావగారిది బెల్లం వ్యాపారం. ఇంట్లో మావగారు, అత్తగారు, మా ఆయన, నేను, నలుగురమే. అయినా పట్టపగలు పెరటి గదిలోకి వెళ్ళాలంటే నాకు తోడు కావాలి (పిల్లి వచ్చినా చాలు). అలాంటి నా మీదికి ఆ వేసవిలో జపాను వాడు విమానాలు పంపించేడు.

నా మీదికే అని ఎందుకంటున్నానంటే, విశాఖపట్నంలో బాంబులు పడ్డాయని విన్నప్పుడు అవి నన్ను వెతుక్కుంటూ వస్తున్నాయనే అనుకున్నాను. మర్నాటి నుంచీ పట్నం జనం రైళ్ళలో, బళ్ళ మీద, కాలినడకన మా ఊరి మీదుగా పోతూనే ఉన్నారు. నెత్తిన పరుపు చుట్టలు, చంకన పిల్లలు. "తర్వాత అనకాపల్లేనట" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలీదు గాని, సాయంకాలానికి ఊరంతా అదే మాట. మా ఆయన బెల్లం కొనుగోలుకి రోలుగుంట వైపు వెళ్ళి ఉన్నారు. నాకు అన్నం సయించడం మానేసింది.

సరిగ్గా అప్పుడు దిగేరు వాళ్ళిద్దరూ. ఆయన ఖాకీ నిక్కరు, బూట్లు, మెళ్ళో తాడుకి వేలాడే ఈల. విమానదాడి నుంచి జనాన్ని కాపాడ్డానికి సర్కారు పంపిన ఆఫీసరునని చెప్పేడు. మేం చాటున ఈలదొర అనుకునేవాళ్ళం. ఆమె తెల్లచీర కట్టి, చేతికి గడియారం పెట్టుకున్న నర్సమ్మ. ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి కిటికీ అద్దాలకి కాగితాలంటించమన్నారు, దీపాలకి నల్లగుడ్డలు కట్టమన్నారు. మా పెరట్లో నూతికీ గోడకీ మధ్య మనిషి నడుములోతు గొయ్యి తవ్వించేరు.

"సైరను కూయగానే అందరూ ఇందులో బోర్లా పడుకోవాలి," అన్నాడు ఈలదొర.

"మన ఊరికి సైరను ఉందేటి బాబూ?" అని అడిగేరు మావగారు.

"మద్రాసు నుంచి వస్తోందండి. అది వచ్చేదాకా నేనే సైరను."

ఆ మాటతో మావగారికి అతని మీద ఎంత గురి కుదిరిందంటే, మా ఇంట్లో అల్లుళ్ళకి తప్ప తియ్యని వెండి గ్లాసు తీసి కాఫీ ఇప్పించేరు.

నర్సమ్మ ఆడవాళ్ళకి కట్లు కట్టడం నేర్పేది. దెబ్బ తగిలినదానిగా రోజూ నన్నే కూచోబెట్టేది. తలకి కట్టు, మోచేతికి కట్టు, మోకాలికి కట్టు. నాలుగు రోజుల్లో నాకు విరగని ఎముక లేదు. "నీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేం చెల్లీ? భయమేస్తోందా?" అని అడిగి, నా అరచేతులు తన చేతుల్లో పెట్టుకుని రుద్దేది. కాపరానికి వచ్చేక నీకు భయమేస్తోందా అని నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. అడిగేదాకా ఆపుకోవచ్చు గాని, అడిగేక ఎలా? నేను ఆవిడ భుజం మీద తలపెట్టి ఏడ్చేసేను.

అయిదో రోజు పొద్దున్న మా ఇంట్లో రిహార్సలు అన్నాడు ఈలదొర. వీధిలో మొదట మాకే దక్కిన గౌరవం అది. చెవుల్లో దూది పెట్టుకోవాలి, పళ్ళ మధ్య బిరడా కరచుకోవాలి, లేకపోతే బాంబు చప్పుడికి నాలుక తెగుతుంది. (పెద్దవాళ్ళిద్దరికీ మంచి బిరడాలు దొరికేయి. నాకు ఆముదం సీసాది మిగిలింది.) ఆఖరున అసలు సంగతి చెప్పేడు. ఒంటి మీద బంగారం ఉండకూడదు.

"ఎండకి మెరుస్తుందమ్మా. పైనున్నవాడు ఆ మెరుపునే గురి చూస్తాడు. మంగళసూత్రాలు పసుపుతాడుకి కట్టుకోండి, పరవాలేదు. తక్కినవన్నీ ఒక పెట్టెలో పెడితే సర్కారు సీలు వేస్తాను. మళ్ళీ మీ ఎదుటే విప్పుతాను."

అత్తగారి గాజులు, కంటె, వడ్డాణం, పూజ గదిలో వెండి, అన్నీ పెట్టెలోకి వెళ్ళేయి. ఈలదొర లక్క కరిగించి, ఎర్రగా, గుండ్రంగా సీలు వేసేడు. అంత అందమైన సీలు నేను మళ్ళీ చూడలేదు.

నా వస్తువులు తెచ్చుకోడానికి నేను లోపలికి వెళితే నర్సమ్మ నా వెనకే వచ్చింది. మా అమ్మమ్మ పెట్టిన కాసులపేరు, రెండు జతల గాజులు నా చేతిలో ఉన్నాయి. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, "నీ పుట్టింటివా?" అంది. తలూపేను. ఏమనుకుందో, వాటిని నా నడుము మీద పెట్టి, పైన వెడల్పాటి గుడ్డతో చుట్టూ కట్టు కట్టింది. "చీర కప్పుకుంటే పైవాడికి కనిపించవులే. ఎవరితోనూ అనకు చెల్లీ," అంది. ముడి నొప్పి పెడుతుందేమోనని వేలు దూర్చి మరీ చూసింది.

ఈల మోగింది. ముగ్గురం గోతిలో పడుకున్నాం. మూడు ఈలలు వినిపించేదాకా తల ఎత్తకూడదని ఆజ్ఞ. వీపు మీద ఎండ, నోట్లో ఆముదం, ముక్కు దగ్గర చీమల బారు. ఎంతసేపయిందో తెలీదు, దూదిలోంచి కూడా ఏదో గుర్రుమనడం వినిపించింది. నిజం విమానం! రిహార్సలు కాదు, నిజంది. ఉన్న దేవుళ్ళందరినీ పిలిచి, ఎవరైనా మిగిలిపోయేరేమోనని మళ్ళీ మొదటినుంచీ పిలిచేను. నడుము మీద బంగారం ఉందని గుర్తొచ్చి, నా మూలంగా వీళ్ళిద్దరూ కూడా పోతారని వణికిపోయేను. అప్పుడు ఒక చెయ్యి నా చేతిని వెతికి పట్టుకుంది. మా అత్తగారిది. నాకంటే ఎక్కువ వణుకుతోంది.

విమానం దాని దారిన అది పోయింది. మూడు ఈలలు మాత్రం మోగలేదు. చివరికి మజ్జిగ అమ్మే మనిషి వచ్చి గోతిలోకి తొంగి చూసింది.

"ఏటమ్మా ఇది? సావుకారు కూడా ఇక్కడే తొంగున్నారేటి?"

ముగ్గురం బిరడాల్లోంచి ఏదో అన్నాం.

"ఆ ఈలదొరా నర్సమ్మా జట్కా ఎక్కి టేసనుకి ఎలిపోయి సేనా సేపయిందమ్మా. సేతిలో పెట్టె కూడా సూసేను."

మావగారు బిరడా ఉమ్మేసి పరిగెత్తేరు. మధ్య గదిలో పెట్టె లేదు. నేలమీద లక్క చుక్కలు మాత్రం ఉన్నాయి.

మధ్యాహ్నానికి పోలీసు ఇనస్పెక్టరు వచ్చి పోయిన వస్తువులు రాసుకోవడం మొదలెట్టేడు. మీసాలు, లాఠీ, కంచులాంటి గొంతు. అత్తగారివన్నీ రాసి, "కోడలుపిల్లవి?" అన్నాడు. పోలీసుల దగ్గర అబద్ధమాడితే ఉరేస్తారని మా ఊళ్ళో చెప్పుకునేవారు. "నావి పోలేదండి," అనేసేను (ఎవరూ మెడమీద కత్తి పెట్టలేదు. నా అంతట నేనే అన్నాను). పక్కగదిలోకి వెళ్ళి, కట్టు విప్పి, తెచ్చి చూపించేను కూడా.

మావగారు నన్నలా చూడ్డం అదే మొదటిసారి.

"అందరివీ పోయి నీవొక్కదానివే మిగిలేయా? దాచుకోమని ఎవరు చెప్పేరు?" అన్నాడు ఇనస్పెక్టరు. "ఆ నర్సుతో నీకు స్నేహమట కదా. స్టేషనుకి పద, అక్కడ చెబుదువు గాని." బాంబుల భయం ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

"నేనే సెప్పేను," అంది అత్తగారు.

"మీరా?"

"కొత్త కోడలు. పుట్టింటివోళ్ళు పెట్టిన సొమ్ము. ఏదైనా అయితే రేపు వాళ్ళకి ఏటి సెప్పుకుంటాం? అందుకని నేనే కట్టించేను."

"మరి మీ నగలు పెట్టెలో ఎందుకు పెట్టేరు?"

"నాకు బుద్ధి లేక పెట్టేను. రాసుకో బాబూ."

అతను నిజంగానే రాసుకున్నాడు. ఆ సాయంకాలం వంటింట్లో అత్తగారు పొయ్యి ఊదుతూ, నా వైపు చూడకుండానే, "నర్సు సెప్పిందా?" అంది. తలూపేను. "ఇంకెవరితోనూ అనకు. ఏడవకు. పొగకి నాకే వత్తన్నాయి కన్నీళ్ళు," అంది. మావగారు మాత్రం నాతో మామూలుగా మాట్లాడ్డానికి ఆర్నెల్లు పట్టింది.

ఆ ఆర్నెల్లకి వాళ్ళు ఎక్కడో దొరికేరు. సొమ్ము దొరకలేదు. ఇనస్పెక్టరు మా ఇంటికొచ్చి, ఈసారి గొంతు తగ్గించి చెప్పేడు. వాళ్ళు ఏ ఊళ్ళో చేసినా ఇంతేనట. ఇంటికొకరి నగలు కావాలనే వదిలేస్తారట. ఇంటివాళ్ళు, పోలీసులు ఆ ఒక్కరి మీద పడితే, ఈలోగా వీళ్ళు రైలెక్కి రెండు జిల్లాలు దాటిపోతారు. ఒక ఊళ్ళో ఒక కోడల్ని పుట్టింటికి పంపేసేరట కూడా. మావగారు తల దించుకున్నారు.

నేను పెరట్లోకి వెళ్ళి కూచుని ఏడ్చేను. అత్తగారు వచ్చి, "నీ సొమ్ము నీకుంది కదే, ఏడుపెందుకు?" అంది.

"నా మీద జాలిపడిందనుకున్నానండి," అన్నాను.

అత్తగారు నా పక్కన కూచుంది. తర్వాత, "నా మోకాళ్ళకి కూడా ఎంత బాగా మర్దనా సేసిందే, ముండ," అని నిట్టూర్చింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

ఇప్పుడు నేను అప్పటి మా అత్తగారి వయసు దాటిపోయేను. మనుషుల్ని చూసి నమ్మకూడదని మనవరాళ్ళకి గట్టిగానే చెబుతాను. కాని ఆ పదహారేళ్ళ పిల్ల ఇంకా లోపలెక్కడో కూచుని నాతో వాదిస్తూనే ఉంటుంది. మోసమే అయితే నర్సమ్మ ముడి నొప్పి పెడుతుందేమోనని వేలు దూర్చి ఎందుకు చూసిందీ, అంటుంది. జవాబు నాకు తెలుసు. అయినా చెప్పను. సరేలేవే, జాలే పడింది, అంటాను.