మూడు గాట్ల స్ట్రైకర్

మార్చి మొదటి సోమవారం నన్ను లేత్ మిషను దగ్గర నుంచి ముందు కౌంటర్‌కి మార్చారు. అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలో, ఓజార్క్ కొండల అంచున ఉన్న చిన్న వర్క్‌షాపు అది. వసంతకాలపు టర్కీ వేటకి ఇంకా ఆరు వారాలుంది. మేము చేసేది ఒకటే వస్తువు. పెట్ట కూతను పలికించి, మగ టర్కీ కోడిని దగ్గరికి రప్పించే చెక్క గిన్నె. పదకొండేళ్లు మిషను మీద చేశాక నాకిచ్చిన హోదా ట్యూనర్. గిన్నెల గొంతును చెవితో సరిచేసి, కొనేవాడికి తగినది ఎంచి ఇచ్చే పని. షాపులో యజమాని డేల్ తర్వాత మాట నాదే.

మాది ఏటికొప్పాక. అంకుడు కర్రతో బొమ్మలు చేసిన ఇల్లు. చెక్క పని చిన్నప్పుడే వచ్చింది. అక్షరం మాత్రం ఈ సంగతి జరిగాకే వచ్చింది.

గిన్నె అరచేతిలో ఇముడుతుంది. పైన పలకరాయి గాని, గాజు గాని, అల్యూమినియం గాని బిగిస్తాం. లోపల ఇంకో బిళ్ల, అడుగున చిల్లులు ఉంటాయి. స్ట్రైకర్ అనే పుల్ల మొనతో పైన చిన్న చిన్న సున్నాలు చుడితే కూత వస్తుంది. పలకది మెత్తని గొంతు. గాజు, అల్యూమినియం ఈదురుగాలిలో కూడా దూరం వినబడతాయి. చాలామంది గిన్నెను చూసి కొంటారు గాని గొంతులో సగం పుల్లదే. ఒకే గిన్నె మీద హికరీ అనే గట్టి కర్ర పుల్లతో ముసలి పెట్ట పలికితే, పర్పుల్‌హార్ట్ పుల్లతో పడుచు పెట్ట పలుకుతుంది. అందుకని జత కుదిరాక రెండింటికీ ఒకే గుర్తు పెడతాం. మిగతావాళ్లు నంబరు రాసేవారు, నేను గాట్లు పెట్టేదాన్ని.

అమ్మకానికి ఒక పద్ధతి ఉండేది. కొనేవాణ్ణి బయట నలభై అంగల దూరాన, మనవైపు వీపు పెట్టి నిలబెట్టాలి. దగ్గర వినబడే గొంతు వేరు, దూరాన వినబడేది వేరు. ఎంపిక అయ్యాక పెట్టె మూయకముందు జాగ్రత్తలు చెప్పాలి. పెట్టలా కూసేవాడు, ఆ అడవిలో నక్కి ఉన్న మరో వేటగాడికి నిజం పెట్టలాగే వినబడతాడు. కాబట్టి భుజాలకన్నా వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోవాలి. ఎరుపు, తెలుపు, నీలం ఒంటిమీద ఉండకూడదు, మగ టర్కీ తల రంగులవే. ఎవరైనా కనిపిస్తే చెయ్యి ఊపకుండా గట్టిగా మాట్లాడాలి. ఇవన్నీ కొన్నవాడు తిరిగి అప్పజెప్పాకే రసీదు మీద ట్యూనర్ గుర్తు పడాలి. ఇవే మాటలు అచ్చువేసిన కార్డు కూడా పెట్టెలో పెడతాం. నేను చదవలేను కనుక డేల్ చదువుతుంటే విని, ఇంగ్లీషులో బట్టీ పట్టాను.

ఏప్రిల్ మొదట్లో సురేష్ అనే అబ్బాయి వచ్చాడు. కాన్సాస్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు స్నేహితుడు వేట నేర్పుతున్నాడట. లైసెన్సు కోర్సు ఆన్‌లైన్‌లో ఒక్క వీకెండ్‌లో అవగొట్టేశానని చెప్పాడు. నా చొక్కా మీద పేరు చూసి ఆగిపోయాడు.

"ఆంటీ, మీరు తెలుగా? ఈ అడవిలో ఏం చేస్తున్నారండీ?"

"నువ్వేం చేస్తున్నావు బాబూ, ఈ అడవిలో?" అన్నాను.

నవ్వాడు. స్నేహితుడి దగ్గర గాజుది ఉందట, దానికన్నా లౌడ్‌గా ఉండేది కావాలన్నాడు. అల్యూమినియం మొదటిసారి పట్టేవాడి చేతిలో కీచుమంటుందని చెప్పి, బయటికి పంపి అయిదు జతలు వినిపించాను. నాలుగో జతకి చెప్పకుండానే వెనక్కి తిరిగాడు.

"ఇది రికార్డింగ్ కాదు కదా ఆంటీ?"

వాల్‌నట్ కర్ర గిన్నె, పైన పలకరాయి, హికరీ స్ట్రైకర్, మూడు గాట్లు. ఆ ఏడు నా చేతిలో కుదిరిన జతల్లో అంత నిజమైన గొంతు మరొకటి లేదు. అతను పుల్లను పిడికిట్లో పట్టుకుంటే, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోమని, మొనకి వేలు తగలనీయొద్దని చూపించాను. చెమట అంటితే మొన జారి గొంతు పోతుంది.

ఇక మిగిలింది జాగ్రత్తల మాట. అప్పటిదాకా మా ఊళ్లు, మా కూరలు మాట్లాడుకున్నాం. అంత చదువుకున్నవాడి ముందు నా బట్టీ ఇంగ్లీషు అప్పజెప్పడానికి సిగ్గేసింది. తెలుగులో ఆ మాటలు నేనెప్పుడూ అని ఉండలేదు. కార్డు చూపించి, "దీంట్లో అంతా రాసుంది బాబూ, చదువుకో" అన్నాను. ష్యూర్ ఆంటీ అన్నాడు. రసీదు మీద గుర్తు పెట్టేశాను.

సీజన్ మొదలైన నాలుగో రోజున వన్యప్రాణి శాఖ ఏజెంటు షాపుకి వచ్చాడు. గిన్నె, స్ట్రైకర్, పెట్టె ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చి కౌంటర్ మీద పెట్టి, జరిగింది చెప్పాడు. సురేష్ ఒక దేవదారు పొద ముందు కూర్చున్నాడు, వెనక చెట్టు లేదు. కోటు మెడ దగ్గర లోపలి తెల్ల బనీను అంచు కనబడుతోంది. కూత విని పాక్కుంటూ వచ్చిన ఎవరో మనిషి ఆ తెలుపు కదలగానే కాల్చాడు. తుపాకీ రవ్వలు సురేష్ ముఖానికి, మెడకి తగిలాయి. కుడికన్ను పోయింది. ఎడమకన్ను సంగతి డాక్టర్లు ఇంకా చెప్పలేదు. అతను మాట్లాడే స్థితిలో లేడు.

డేల్ రసీదు తీసి, ఇది ఈమె గుర్తు, జాగ్రత్తలు చెప్పించుకోకుండా ఈమె ఎవరినీ వదిలిపెట్టదు అన్నాడు. ఏజెంటు నన్ను అడిగాడు, అతను తిరిగి అప్పజెప్పాడా అని. అవునంటే షాపుకి గాని నా ఉద్యోగానికి గాని ఏమీ కాదు. చెప్పినా వినలేదని ఆ అబ్బాయి పేరు మీద రాస్తారు. కాదనడానికి అక్కడ ఎవరూ లేరు.

లేదన్నాను. చెప్పలేదు, కాగితం ఇచ్చాను అన్నాను.

ఏజెంటు పెట్టె తెరిచాడు. గుడ్డ కింద కార్డు, నేను పెట్టిన మడత విప్పకుండా అలాగే ఉంది. డేల్ మర్నాడు నన్ను తిరిగి లేత్ మీదికి పంపి, పై ఏడు వసంతం దాకా కౌంటర్‌కి రానివ్వలేదు. అది న్యాయమే.

మే నెలాఖరున సురేష్ షాపుకి ఫోన్ చేశాడు. ఎడమకన్ను కొంత నిలిచిందన్నాడు.

"మీ మీద కోపం లేదాంటీ. ఆ కార్డ్ వారంటీ అనుకున్నా నేను. కాల్చినాయన హాస్పిటల్‌కి వచ్చాడు. మనిషి చేసే సౌండ్ అని తనకి అస్సలు డౌటే రాలేదట."

 ఆరోగ్యం జాగ్రత్త బాబూ అని ఫోన్ పెట్టేశాను.

రెండేళ్ల తర్వాత ఊరి లైబ్రరీలో ఇంగ్లీషు, మా కోడలి దగ్గర తెలుగు నేర్చుకున్నాను. ఆ కార్డు చదివాను. నేను బట్టీ పట్టిన మాటలే, ఒక్కటీ తేడా లేదు. చదువు రానప్పుడు, చదువుకున్నవాళ్లు చేతికిచ్చిన ప్రతి కాగితం చదువుతారని నమ్మాను. వచ్చాక, చదవకుండా సంతకాలు పెట్టిన కాగితాలు నాకూ ఉన్నాయి. ప్రాణానికి సంబంధించిన మాట నోటితో చెప్పాలి, ఎదుటివాడి నోటితో తిరిగి వినాలి. రిటైరయ్యేదాకా తెలుగువాళ్లకి తెలుగులో, మిగతావాళ్లకి నా ఇంగ్లీషులో అలాగే చేశాను. జత ఎంత బాగా కుదిరి నిజం పెట్టలా పలికితే, పెట్టెను అంత ఎక్కువసేపు నా చేతిలోనే ఉంచుకునేదాన్ని.